అటక మీది ప్లేటు ముల్లు కిందికి చేరేదాకా: 60ల పాటల రికార్డులు సేకరించడం ఎలా

గోదావరి జిల్లాల్లో 60ల నాటి పాటల రికార్డులు వెతకడానికి అన్నిటికన్నా మంచి అదను భోగికి ముందు రెండు మూడు వారాలు. పండక్కి ఇంటికి వెల్ల వెయ్యాలంటే అటక దించక తప్పదు. దించిన సామానులో విరిగిన కర్రముక్కలు భోగి మంటకి వెళ్తాయి, ఇత్తడి మళ్ళీ లోపలికి వెళ్తుంది, ఎవరికీ అక్కర్లేనిది అరుగు మీద పోగుపడుతుంది. మీకు కావలసినవి ఆ పోగులో ఉంటాయి. పాత సామాన్ల బండి వీధి మలుపు తిరిగేలోపు మీరు అక్కడ ఉండాలి.

అడిగేటప్పుడు మాట జాగ్రత్త. "వినైల్ ఉందాండీ" అని అడిగితే ఫ్లెక్సీలు, స్టిక్కర్లు వేసే కొట్టు చూపిస్తారు. "గ్రామఫోను ప్లేట్లు" అనండి, అరవై దాటిన ఎవరికైనా అర్థమవుతుంది. హెచ్.ఎం.వి. లేబుల్ మీద బొమ్మని బట్టి "కుక్క బొమ్మ ప్లేట్లు" అంటే ఇంకా తొందరగా అర్థమవుతుంది.

ముందు ఏది ఏమిటో తెలుసుకోండి

మీ చేతికి వచ్చేవి మూడు రకాలు. పది అంగుళాల బరువైన నల్ల ప్లేటు, నిమిషానికి 78 చుట్లు తిరిగేది, లక్కతో చేసింది. ఒక్కో వైపు మూడు నిమిషాలు, కాస్త అటూ ఇటూ. కింద పడితే పెంకుముక్కలే. ఏడు అంగుళాల చిన్నది ఈపీ, 45 చుట్లది, సాధారణంగా వైపుకి రెండేసి పాటలు. పన్నెండు అంగుళాలది ఎల్పీ, 33⅓ చుట్లది, వైపుకి ఇరవై నిమిషాల పైమాటే. ఈ చివరి రెండూ వినైల్ అనే ప్లాస్టిక్‌వి. వంగుతాయి గానీ అంత తేలిగ్గా పగలవు.

వేరే దేశాల సేకరణ పద్ధతులు చదివి "నాకు వినైలే కావాలి, 78లు వద్దు" అనుకుంటే మన దగ్గర సగం పాటలు వదులుకున్నట్టే. ఇంగ్లండులో 78లు 1960 ప్రాంతానికే ఆగిపోయాయి. మన దేశంలో మాత్రం చాలా ఇళ్ళలో తాళంచెవి తిప్పే గ్రామఫోనే ఉండేది కాబట్టి అవి 60ల్లో కూడా వచ్చాయి. బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ పార్లోఫోన్ లేబుల్ మీద 78లుగా వచ్చాయి. ప్రపంచంలో ఆ బృందం అభిమానులు వాటి కోసం ఎగబడతారు. తెలుగు సినిమా పాటల సంగతి చూస్తే, 60ల్లో విడుదలైనప్పుడు వచ్చినవి ఎక్కువగా 78లు, ఈపీలే. ఇప్పుడు కనిపించే ఎల్పీలు చాలావరకు తర్వాతి కాలంలో ఏరి కూర్చినవి. పాత సినిమా పాటకి కవరు మీద "స్టీరియో" అని పెద్దగా ఉంటే అది సినిమా నాటి ప్లేటు కాదని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

లేబుళ్ళు చూసి కంగారు పడకండి. హెచ్.ఎం.వి., కొలంబియా, ఓడియన్ అని పేర్లు వేరైనా అన్నీ గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియావే, కలకత్తా దగ్గర డమ్ డమ్ ఫ్యాక్టరీలో అచ్చయినవే. "ఇది ఓడియన్ అండీ, దొరకదండీ" అని ఎవరైనా రేటు పెంచితే నవ్వి ఊరుకోండి. 78ల మీద హెచ్.ఎం.వి.కి ‘ఎన్’, కొలంబియాకి ‘జి.ఇ.’ అక్షరాలతో నంబరు ఎక్కువగా కనిపిస్తుంది. మీకు పనికొచ్చేది ఆ నంబరు. దానితోపాటు పాటలు అయిపోయాక లేబుల్ చుట్టూ మిగిలిన నున్నటి చోట గీసిన మ్యాట్రిక్స్ నంబరు (అచ్చు మూస నంబరు) కూడా రాసుకోండి. రెండు ప్లేట్లూ ఒకటేనా కాదా అన్నది అదే తేల్చిపెడుతుంది.

ఏం పోగెయ్యాలో ఒక గీత గీసుకోండి

అన్నీ కావాలనుకుంటే ఆరు నెలల్లో ఇల్లు నిండుతుంది, ఇంట్లోవాళ్ళ మొహం ముడుచుకుంటుంది. ఒక సంగీత దర్శకుణ్ణి పట్టుకోండి: పెండ్యాల, సాలూరు రాజేశ్వరరావు, మాస్టర్ వేణు, టి.వి. రాజు, కె.వి. మహదేవన్. లేకపోతే ఒక గొంతు. ఘంటసాల, సుశీల ఎలాగూ అందరికీ కావాలి, పోటీ ఎక్కువ. పి.బి. శ్రీనివాస్, జిక్కి, ఎల్.ఆర్. ఈశ్వరి అనుకుంటే కాస్త తీరిగ్గా వెతుక్కోవచ్చు. నేను మొదట గోదావరి కనిపించే సినిమాలతో మొదలుపెట్టాను. రాజమండ్రిలో పుట్టిన ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’ (1964) దగ్గర మొదలై, అక్కణ్ణుంచి మహదేవన్ వైపు మళ్ళి, ఆ దారిలోనే ఉండిపోయాను.

ఇంగ్లీషు పాప్ కావాలంటే కాకినాడ వైపు చూడండి. ఇంజనీరింగ్ కాలేజీ, 1958లో పెట్టిన రంగరాయ మెడికల్ కాలేజీ, పోర్టు ఉన్న ఊరు. ఆ రోజుల్లో అక్కడ చదివి స్థిరపడిన డాక్టర్ల, ఇంజనీర్ల ఇళ్ళలో క్లిఫ్ రిచర్డ్, వెంచర్స్ లాంటివి అప్పుడప్పుడు బయటపడతాయి. అవి తక్కువ. కానీ సాధారణంగా శుభ్రంగా ఉంటాయి, ఎందుకంటే వాటిని పెళ్ళి పందిట్లో ఎవరూ వెయ్యలేదు.

ఎవరి దగ్గర దొరుకుతాయి

డెల్టాలో ప్లేట్లు ఎక్కువగా కొన్నది ఇళ్ళవాళ్ళు కాదు, మైకు సెట్టు వాళ్ళు. పెళ్ళి, ఓణీల ఫంక్షను, ధనుర్మాసంలో గుడి, తీర్థం, నాటకం మొదలయ్యే ముందు గంట, అన్నిటికీ వాళ్ళ ప్లేట్లే. జగ్గన్నతోట ప్రభల తీర్థానికో అంతర్వేది తీర్థానికో మైకు కట్టిన వాళ్ళని వెతకండి. తండ్రి మైకు సెట్టు నడిపితే కొడుకు ఇవాళ డీజే, టెంటు హౌసు నడుపుతుంటాడు. గొడౌన్లో షామియానా గుడ్డల వెనక రేకు పెట్టె ఉంటుంది. వెళ్ళి కూర్చుని టీ తాగి, మెల్లిగా కదపాలి.

"ఏం చేసుకుంటారండీ బాబూ ఇయ్యి? సెల్లులో అన్నీ వత్తన్నాయి కదండీ" అంటాడు.

"వింటానండీ" అనండి చాలు. "కలెక్షన్" అన్న మాట మాత్రం నోటి వెంట రానివ్వకండి. వచ్చిందా, రేటు మూడింతలు.

సినిమా హాళ్ళు రెండో చోటు. ఆట మొదలయ్యే ముందు బయట మైకులో పాటలు వేసేవారు కాబట్టి హాలుకో పెట్టె ఉండేది. ఇప్పుడు కల్యాణ మండపాలైపోయిన హాళ్ళ పాత మేనేజర్లనో ఆపరేటర్లనో పట్టుకోండి.

మూడోది మండువా లోగిళ్ళు. అమలాపురం, రాజోలు, పాలకొల్లు చుట్టుపక్కల ఉన్నవి ఒక్కొక్కటే పడగొట్టి డాబాలు వేస్తున్నారు. ఇక్కడ దొరికేవి తక్కువ, బాగుండేవి ఇవే. పెద్దావిడ ఒక్కరే ఉన్న ఇంటికి మొదటిసారి ఒంటరిగా వెళ్ళకండి. తెలిసినవాళ్ళని ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్ళండి, మొదటి రోజు కొనకండి. ఆవిడ ముందు ఆ ప్లేట్లు ఎవరు తెచ్చారో చెప్పాలనుకుంటుంది. అది వినకుండా రేటు అడిగినవాడికి నేనైనా అమ్మను. మీకు తెలిసి ఖరీదైన ప్లేటు ఆ పెట్టెలో కనిపిస్తే ఆ మాట చెప్పేయండి. చిన్న ఊళ్ళు, ఇవాళ దాచింది రేపు సంతలో తెలుస్తుంది, ఆ తర్వాత ఏ గుమ్మమూ తెరుచుకోదు.

కొనేముందు చూడాల్సింది

ఇక్కడే నేను బాగా దెబ్బతిన్నాను, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మొదట్లో ఒక మైకు సెట్టు ఆయన దగ్గర సాయంత్రం దీపాల వేళ నలభై ప్లేట్లు కట్టగా కొన్నాను. లేబుల్ మీద పాట పేరు చదువుతుంటే చెయ్యి ఆగలేదు. ఇంటికి తెచ్చి వేస్తే నలభైలో ముప్ఫై పెనంలో పెసరట్టు పోసిన చప్పుడు. అప్పటినుంచి నాదొకటే పద్ధతి: పాట పేరు చివర చదువుతాను.

పగటిపూట వెళ్ళండి. ప్లేటుని అంచులు పట్టుకుని, వెలుగు ఏటవాలుగా పడేలా తిప్పండి. 78 నల్లగా నిగనిగలాడాలి. ముల్లు నడిచే గాళ్ళు బూడిద రంగుకి తిరిగి ఉంటే ఉక్కు ముల్లు అరగదీసేసిందన్నమాట, కడిగినా బాగుపడదు. గ్రామఫోనుకి ఒక వైపుకి ఒక ముల్లు అని లెక్క. మైకు సెట్టు వాళ్ళు ఒకే ముల్లుతో పెళ్ళంతా గడిపేసేవారు, ఏం చేస్తారు పాపం, పెళ్ళిపెద్ద ముల్లుకి వేరే డబ్బులిస్తాడా!

తర్వాత మధ్య కన్నం చుట్టూ లేబుల్ కాగితం చూడండి. ప్లేటు పెట్టిన ప్రతిసారీ ప్లేయరు మధ్య పుల్ల తగిలి సన్నటి గీతలు పడతాయి. గీతలు గజిబిజిగా ఉంటే చాలాసార్లు వేశారు. కవరు కొత్తగా ఉన్నా నమ్మకండి, ఈ గీతల్ని నమ్మండి.

78కి పగులు ఉందేమో చూడాలి. సంతలో కుండ కొన్నట్టే. కన్నంలో సన్నటి పుల్ల దూర్చి వేలాడదీసి, అంచు మీద వేలి కణుపుతో మెల్లిగా తట్టండి. ఖణేల్‌మంటే మంచిది. బొంగురుగా పలికితే కంటికి కనపడని పగులు ఉంది. ఈపీ, ఎల్పీలైతే అంచుని కంటి ఎత్తుకి తెచ్చి వంకర చూడండి. గీతల మీద గోరు మెల్లిగా నడపండి. గోటికి తగిలిన గీత చెవికి కూడా తగులుతుంది.

కోనసీమలో ఇంకో మాయ ఉంది. ప్లేటు మరీ నిగనిగలాడుతుంటే వాసన చూడండి. కొబ్బరినూనె రాసి మెరిపించింది ఒకటి నాకు అంటగట్టారు. ఆ నూనెకి దుమ్మంతా పట్టి గాడిలో మడ్డిలా పేరుకుంది, మూడుసార్లు కడగాల్సి వచ్చింది.

వరద చూసిన ప్లేట్లు వేరే సంగతి. 1986 ఆగస్టు గోదావరి వరదలో నీళ్ళు వచ్చిన ఇళ్ళలో, 1996 నవంబరు తుఫానుకి కప్పు లేచిపోయిన ఇళ్ళలో దొరికేవాటికి లేబుల్ ఊడిపోయి ఉంటుంది, గాళ్ళలో ఒండ్రు ఉంటుంది. లేబుల్ లేనిదాన్ని మ్యాట్రిక్స్ నంబరుతో పోల్చుకోవచ్చు, వదిలెయ్యకండి. కానీ ఒండ్రు ఉన్న ప్లేటుని అక్కడే జేబురుమాలుతో తుడిచి చూడకండి. గాడిలో గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే.

దూరపు వాళ్ళ దగ్గర ఫొటో చూసి కొనాల్సి వస్తే, వాళ్ళు వాడే గుర్తులు తెలిసి ఉండాలి. మింట్, నియర్ మింట్, వెరీ గుడ్ ప్లస్, వెరీ గుడ్, గుడ్ అని దిగుతూ వస్తాయి. ఇందులో "గుడ్" అంటే బాగుంది అని కాదు, అరిగిపోయింది అని. వెరీ గుడ్‌కి కింద ఉన్నదేదీ కొనకండి, అది మీ చిన్నప్పటి పాట అయితే తప్ప.

ఇంటికి తేవడం

78లని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సెక్కితే రావులపాలెం వచ్చేసరికి సగం ముక్కలవుతాయి. నిలబెట్టండి. ప్రతి ప్లేటుకీ మధ్య దినపత్రిక మడిచి పెట్టి, గట్టి అట్టపెట్టెలో కదలకుండా బిగించి, పెట్టెని ఒళ్ళో పెట్టుకోండి. యాభై ఎల్పీలు కవర్లతో పన్నెండు కిలోల పైనే తూగుతాయి, చేతి సంచిని నమ్మకండి. ఎండాకాలం కారు వెనక అద్దం కింద పెట్టి భోజనానికి దిగారంటే, వచ్చేసరికి ఎల్పీ అప్పడంలా తయారవుతుంది.

పాత కాగితం కవర్లు ఆత్రేయపురం పూతరేకుల్లా ఉంటాయి, పట్టుకుంటే విరుగుతాయి. పారెయ్యకండి. కొన్న కొట్టు ముద్ర, ఊరు పేరు వాటి మీదే ఉంటాయి. విడిగా దాచి, ప్లేటుకి కొత్త కవరు వెయ్యండి.

కడగడం

ఊళ్ళో బోరు నీళ్ళు వాడకండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో మరీ ఉప్పు, ఆరాక తెల్లగా మరకలు కట్టి గాడిలో కూర్చుంటాయి. ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు బ్యాటరీ కొట్లో దొరుకుతుంది. లీటరుకి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు కలపండి, అంతకన్నా వద్దు.

ముందు మెత్తని బ్రష్షుతో పొడి దుమ్ము దులపండి. ఒండ్రు ఉంటే దులపకండి, నీళ్ళు ధారగా పోసి దాన్ని జారిపోనివ్వండి. లేబుల్‌కి సరిపోయే ప్లాస్టిక్ మూత అడ్డం పెట్టి, కలిపిన నీళ్ళతో తడిపిన మెత్తని గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడవండి. అడ్డంగా ఎప్పుడూ తుడవకండి. తర్వాత వట్టి డిస్టిల్డ్ నీళ్ళతో కడిగి, వంటింట్లో గిన్నెలు బోర్లించే స్టాండులో నిలబెట్టి ఫ్యాను కింద నీడలో ఆరనివ్వండి. 78ని మాత్రం ఎక్కువసేపు తడిగా ఉంచకండి.

ఒక్క హెచ్చరిక. 78ల మీద స్పిరిట్, శానిటైజరు, ఆల్కహాలు ఉన్న ఏదీ పొయ్యకండి. అది లక్కని కరిగిస్తుంది. అరవై ఏళ్ళు వరదలు తట్టుకున్న ప్లేటు ఐదు నిమిషాల్లో పోతుంది.

వెయ్యడం

తాళంచెవి గ్రామఫోను మీద 78లు మాత్రమే. ముల్లు బిగించే ఆ సౌండు బాక్సు బరువుకి, ఉక్కు ముల్లుకి ఎల్పీ ఒక్క దెబ్బకి పాడైపోతుంది. పాత హెచ్.ఎం.వి. ఫియెస్టా లాంటి పెట్టె ప్లేయర్లు దొరికితే రబ్బరు చక్రం గట్టిపడిందేమో, ముల్లు అరిగిందేమో చూపించుకుని వాడండి. కొత్తది కొంటే 78 స్పీడు ఉందో లేదో ముందే అడగండి, చాలావాటికి ఉండదు. స్పీడు ఒక్కటే చాలదు, ముల్లు కూడా మారాలి. 78 గాడి వెడల్పు. దాని ముల్లు మొన అంగుళంలో వెయ్యింట మూడు వంతులు. ఎల్పీ ముల్లు మొన అందులో దాదాపు పావు వంతు. చిన్న ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగున మట్టిలో దేకుతూ పాట కన్నా చప్పుడే ఎక్కువ వినిపిస్తుంది.

అమెరికాలో ఉన్న అబ్బాయి పాత టర్న్‌టేబుల్ పట్టుకొచ్చాడా? ఆగండి. అక్కడ కరెంటు 120 వోల్టులు, సెకనుకి 60 సైకిళ్ళు (హెర్ట్జ్), ఇక్కడ 230 వోల్టులు, 50 సైకిళ్ళు. ట్రాన్స్‌ఫార్మరు పెడితే వోల్టులు మారతాయి గానీ సైకిళ్ళు మారవు. కరెంటు సైకిళ్ళని బట్టి తిరిగే పాత ఏసీ మోటారు అయితే ఆరింట ఒక వంతు నెమ్మదిగా తిరుగుతుంది, సుశీల సన్నగొంతు జమునారాణి బరువు గొంతైపోతుంది. అడాప్టరుతో నడిచే డీసీ మోటారువాటికి ఈ గొడవ లేదు.

స్పీడు సరిచూడ్డానికి యాప్ అక్కర్లేదు. ప్లేటు అంచు మీద చిన్న కాగితం ముక్క పెట్టి లెక్కపెట్టండి. ఎల్పీ మూడు నిమిషాలకి సరిగ్గా 100 చుట్లు తిరగాలి, ఈపీ నిమిషానికి 45, లక్క ప్లేటు అర నిమిషానికి 39.

60ల తెలుగు పాటలు దాదాపు అన్నీ మోనోలోనే, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దంగా ఉంటాయి. మీ ఆంప్లిఫయరుకి మోనో మీట ఉంటే నొక్కండి, గరగర చాలావరకు తగ్గుతుంది.

దాచడం

మన దగ్గర ప్లేటుకి మొదటి శత్రువు చెమ్మ. అటక మీద వేసవి వేడి, నేల మీద వానాకాలం నెమ్ము, రెండూ పనికిరావు. నేలకి మోకాలెత్తు పైన, గోడకి బెత్తెడు ఎడంగా చెక్క అర పెట్టి, ప్లేట్లని పుస్తకాల్లా నిలబెట్టండి. వాలిపోకుండా, అలాగని బిగుసుకుపోకుండా. బీరువా తలుపులు ఎండ పొడగట్టిన రోజు ఒక గంట తీసి ఉంచండి. మెరిసే పీవీసీ కవర్లు తీసేయండి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ఎల్పీ మీద పొగమంచులాంటి పొర వదులుతాయి. మెత్తటి పాలిథిన్ కవర్లు మేలు. బూజు పట్టినదాన్ని కడిగి ఆరేదాకా మిగతావాటి పక్కన పెట్టకండి. చెద సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

పుస్తకం రాయండి

ఒక పొడుగాటి లెక్కల పుస్తకం తీసుకోండి. సినిమా, పాట, పాడినవాళ్ళు, లేబుల్ నంబరు, మ్యాట్రిక్స్ నంబరు, ఏ ఊళ్ళో ఎవరి దగ్గర, ఎంతకి. హాళ్ళ దగ్గర అమ్మిన పాత పాటల పుస్తకాలు దొరికితే అవి కూడా కొనండి. 78కి మూడు నిమిషాల హద్దు ఉంది కాబట్టి సినిమాలో ఉన్న చరణం ప్లేటులో లేకపోవడం, ఒకే పాట రెండు వైపులకీ విడిపోవడం మామూలే. పాటల పుస్తకం పక్కన పెట్టుకుని వింటే ఏది పోయిందో తెలుస్తుంది. నాకైతే ఈ పనిలో అసలు సరదా ఇదే.

ఇచ్చినవాళ్ళ ఫోను నంబరు కూడా రాసుకోండి. ప్లేటు కడిగి, ఒకసారి వేసి, ఆ పాటని సెల్లులో రికార్డు చేసి వాళ్ళకి పంపండి. లోగిలి పడగొట్టే ముందు నాకు పదకొండు ప్లేట్లు ఇచ్చిన ఒక పెద్దావిడకి అలా పంపాను. రెండో చరణంలో ముల్లు ఒకచోట టక్కుమని ఎగురుతుంది, నాలుగుసార్లు కడిగినా పోలేదు, పంపేటప్పుడు కాస్త సిగ్గేసింది కూడా. అరగంటలో ఫోను చేసింది. "ఆ టక్కు అలాగే ఉందా బాబూ? అది మా పెద్దాడు గూటంబిళ్ళ ఆడుతూ కొట్టిందే" అంది. "ఇంకోసారి పంపు, వాడికి వినిపిత్తాను."